అండమాన్‌కి ఆ పేరు హనుమంతుడి నుంచే వచ్చిందా?

కొబ్బరాకు
మా పాప ఎనిమిదో తరగతి. మొన్న స్కూల్ క్విజ్‌లో "అండమాన్ పేరు ఏ పురాణ పాత్ర నుంచి వచ్చింది?" అని అడిగారట. ఇది "హనుమంతుడి నుంచి అంటారు, కానీ ఖాయం కాదు" అని రాసింది. సున్నా పెట్టారు. "హనుమంతుడు" అని ఒక్క ముక్క రాసినవాళ్లందరికీ మార్కు పడింది. అడిగితే "పుస్తకంలో అలాగే ఉందండీ" అన్నారు. మార్కు సంగతి వదిలేయండి, ఒక్క మార్కు కోసం వెళ్లి స్కూలు ముందు బైఠాయించే రకం కాదు నేను. కానీ వెతకడం మొదలుపెట్టాక నాకే నిద్ర పట్టడం లేదు. ఒకచోట మలయ్ మాట అంటారు, ఒకచోట గ్రీకు అంటారు, ఇంకోచోట బంగారు దీవి అంటారు. ఏది నిజం? వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం పెట్టకండి. ఆ డిపార్ట్‌మెంట్ మా మావగారు చూసుకుంటున్నారు.

బందరు_బుల్లోడు
అందమైన మానులు ఉన్నాయి కాబట్టి అందమాను. థ్రెడ్ క్లోజ్.

చిట్టిగారె
మా ఇంట్లో "అందమాను" అంటే అద్దం ముందు నుంచి లేవమని అర్థం.

వీధరుగు_మాష్టారు
వేళాకోళం తర్వాత. హనుమంతుడి కథ గాలిలోంచి ఊడిపడింది కాదు. మలయ్ వాళ్లు హనుమంతుణ్ణి "హందుమాన్" అంటారనీ, అదే అండమాన్ అయిందనీ వాదన. (మలయాళం కాదు, మలేషియా వైపు భాష. ముందే చెబుతున్నాను, లేకపోతే బుల్లోడు అక్కడ పట్టుకుంటాడు.) మలయ్ నావికులు ఆ దీవుల మీద పడి మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయేవారు. రామాయణం ఆ దేశాల్లోనూ ఇంటింటి కథే. కాబట్టి పేరు అటు నుంచి రావడంలో వింతేమీ లేదు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మీ పాప స్కూలు వాళ్లనీ పూర్తిగా తప్పు పట్టలేం.

ఉత్తరాంధ్ర_బాబాయ్
మాష్టారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నా. మా పక్కనే మహేంద్రగిరి ఉంది, మందస దాటితే కనబడుతుంది. హనుమంతుడు సముద్రం దాటడానికి ఎగిరింది మహేంద్రగిరి మీంచే అని రామాయణమే చెబుతోంది. అక్కడి నుంచి సముద్రం మీదికి చూస్తే ఆ దిక్కున ఉన్నది అండమానే. ఇంకేం కావాలి?

బందరు_బుల్లోడు
బాబాయ్, లంక దక్షిణాన కదా. మీ కొండ మీంచి ఎగిరితే తూర్పుకి పోయి అండమాన్‌లో దిగాడంటే దారి తప్పినట్టే.

ఉత్తరాంధ్ర_బాబాయ్
హనుమంతుడు దారి తప్పడం ఏంట్రా. మధ్యలో ఆగి ఉంటాడు.

చిట్టిగారె
మైనాకుడు ఆగి వెళ్లమని బతిమాలితేనే చేత్తో తాకి వెళ్లిపోయాడు. నీ అండమాన్‌లో ఎందుకు ఆగుతాడు బాబాయ్?

రాతిపలక
మాష్టారు చెప్పిన వాదన మీద నాకున్న అభ్యంతరం ఒక్కటే, తేదీలు.

ఈ పేరు స్పష్టంగా మొదట కనిపించేది అరబ్బుల రాతల్లో. 851లో, చైనా వెళ్లొచ్చిన వర్తకుల మాటల ఆధారంగా అరబ్బీలో ఒక వృత్తాంతం రాశారు. అందులో లంఖబాలూస్ అనే దీవుల గురించి చెప్పి, వాటి తర్వాత రెండు దీవులున్నాయి, మధ్యలో సముద్రం, పేరు అందమాన్ అంటాడు. అక్కడి వాళ్లు మనుషుల్ని పచ్చిగా తినేస్తారు, నల్లగా ఉంటారు, ఉంగరాల జుట్టు, వాళ్లకు పడవలు లేవు, ఉండి ఉంటే ఆ దారిన పోయేవాళ్లందర్నీ తినేసేవాళ్లు అని భయపెడతాడు. 1225లో చైనా అధికారి జావ్ రుగువా రాసిన దాంట్లో "యెన్ తొ మన్". ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో "అంగమనైన్" అంటాడు. 1400ల్లో ఇటలీ వాడు నికోలో కొంతి "అందమానియా" అంటాడు.

ఇన్నింట్లో ఎక్కడా మొదట్లో "హ" లేదు. హందుమాన్ నుంచి వచ్చిన పేరైతే ఆ హ ఎక్కడ జారిపోయింది? అరబ్బులకు హ పలకడం రాదనలేం. వాళ్లకు రెండు రకాల హలున్నాయి.

వీధరుగు_మాష్టారు
మంచి పట్టు పట్టావు. కానీ విను. అరబ్బు నావికులకు ఈ సముద్రంలో దారి చూపించిన వాళ్లలో తమిళులు లేరంటావా? తమిళంలో హనుమంతుడు "అనుమన్". మన పల్లెల్లోనూ "అనుమంతుడు" అనే అంటారు. మా పాలేరు పేరు అనుమంతు, రేషన్ కార్డులో కూడా అలాగే పడింది. హ పోవడం పెద్ద విషయమా?

రాతిపలక
అప్పుడు మధ్యలో "ద" ఎక్కడిది మాష్టారూ? తమిళ అనుమన్‌లో ద లేదు. మలయ్ హందుమాన్‌లో ద ఉంది కానీ దానికి ముందు హ ఉంది. హ పోవాలంటే తమిళుడు కావాలి, ద రావాలంటే మలయ్ వాడు కావాలి. ఇద్దర్నీ ఒకే పడవ ఎక్కిస్తే తప్ప మీ పేరు తయారు కాదు.

బందరు_బుల్లోడు
ఎక్కించేద్దాం. టికెట్ నేను పెట్టుకుంటా.

వీధరుగు_మాష్టారు
ఎక్కలేదని ఏ శాసనంలో ఉంది? ఆ రోజుల్లో కడారం (ఇప్పటి మలేషియాలోని కెడా) రేవులో తమిళం, మలయ్, అరబ్బీ మూడూ వినబడేవి. సరే, ఒక అర పాయింట్ నీకు ఇస్తున్నాను.

లిపిపిచ్చి
ఇంత చర్చ జరుగుతోంది, ఒక చిన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మనం "అండమాన్" అని ండ రాస్తున్నాం. హిందీ వాళ్లూ అంతే. తమిళులు మాత్రం "అందమాన్" అంటారు, వాళ్ల లిపిలో త-ద అక్షరమే. అరబ్బీలోనూ అది దంతాక్షరమే, మన ద లాంటిదే. మరి మనకు ండ ఎక్కడిది? ఇంగ్లీషు డి అక్షరం నుంచి. డాక్టర్, డ్రామా అన్నట్టు ఇంగ్లీషు డి కనబడగానే మనం డ రాసేస్తాం. మ్యాపులు ఇంగ్లీషులో వచ్చాయి, పేరు డ అయి కూర్చుంది. కాబట్టి బుల్లోడు "అందమాను" అన్నది అర్థం విషయంలో పిచ్చి మాటే కానీ, అక్షరం విషయంలో మనందరికంటే వాడే కరెక్టు.

బందరు_బుల్లోడు
స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఫ్రేమ్ కట్టిస్తా.

చిట్టిగారె
నేను చిన్నప్పుడు అండాలు ఎక్కువ దొరుకుతాయి కాబట్టి అండమాన్ అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పకండి.

కొబ్బరాకు
థ్రెడ్ ఇంత దూరం వస్తుందనుకోలేదు. పాప పక్కన కూర్చుని చదువుతోంది. "హ ఎక్కడ పోయింది" దగ్గర గట్టిగా నవ్వింది. గ్రీకు సంగతి కూడా ఎవరైనా చెప్పండి, నేను చూసిన చోట టోలెమీ అని రాసి వదిలేశారు.

రాతిపలక
టోలెమీ రెండో శతాబ్దం వాడు. ఈజిప్టులో అలెగ్జాండ్రియాలో కూర్చుని, నావికులు చెప్పింది విని భూగోళం రాశాడు. గంగకు అవతల ఉన్న దీవుల్లో ఒకదానికి "అగథు దైమొనొస్" అని పేరు పెట్టాడు. మంచి దేవత దీవి అన్నమాట. హెన్రీ యూల్ అనే బ్రిటిష్ పండితుడు 1880ల్లో ఏమన్నాడంటే, టోలెమీ చెవిన పడింది స్థానికంగా చెలామణీలో ఉన్న ఏదో అందమాన్ లాంటి పేరు, దాన్ని తనకు అర్థమయ్యే గ్రీకు మాటగా మార్చుకున్నాడేమో అని. కాబట్టి "గ్రీకు నుంచి అండమాన్ వచ్చింది" అనేవాళ్లు యూల్ మాటను తలకిందులు చేస్తున్నారు. ఆయన లెక్కలో అండమానే ముందు, గ్రీకు తర్వాత.

లిపిపిచ్చి
ఇది మనకు కొత్తేమీ కాదు. తెలియని పేరు వినబడితే తెలిసిన మాటలోకి లాగేస్తాం. మా ఊళ్లో హాస్పిటల్‌ని ఆసుపత్రి అంటే "ఆసు" ఏంటి "పత్రి" ఏంటి అని ఎవరైనా అడిగారా? పత్రి వినాయక చవితి నాడు తెచ్చేదే కదా అని ఊరుకున్నారు.

నీలిసిరా
యూల్‌దే ఇంకో సంగతి ఉంది, నాకు హనుమంతుడి కథకంటే అదే నచ్చింది. మార్కో పోలో "అంగమనైన్" అన్నాడని రాతిపలక గారు రాశారు కదా. చివర ఆ "ఐన్" ఏంటి? అరబ్బీలో రెండు వస్తువులుంటే చెప్పే ద్వివచనం. సంస్కృతంలో రామౌ అన్నట్టు. అంటే "రెండు అంగమన్‌లు". పెద్ద అండమాన్, చిన్న అండమాన్. 851 నాటి రాతలో కూడా "రెండు దీవులు" అనే ఉంది. లెక్క కుదిరింది చూడండి. పోలో అక్కడ దిగలేదు, ఎవరో అరబ్బీ మాట్లాడే నావికుడు చెప్పింది విని రాసుకున్నాడనడానికి ఆ తోక చాలు. దిగలేదనడానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది, అక్కడి మనుషులకు కుక్క తలలుంటాయని రాశాడు.

బందరు_బుల్లోడు
ఒకడు కోతి అంటాడు, ఒకడు కుక్క అంటాడు. ఆ దీవుల్లో మనుషులే లేరా?

నీలిసిరా
జోక్‌గా అన్నా సరిగ్గా అక్కడికే వచ్చావు. మాష్టారూ, బాబాయ్ గారూ, హందుమాన్ కథను బాగా ప్రచారం చేసింది ఎవరో చూశారా? రిచర్డ్ టెంపుల్. 1894 నుంచి 1904 వరకు ఆ దీవులకు చీఫ్ కమిషనర్. 1911 బ్రిటానికాలో అండమాన్ వ్యాసం ఆయనదే. అందులో హందుమాన్ గురించి చెబుతూ ఆయన ఇచ్చిన కారణం భక్తి కాదు. పురాణాల్లోని వానర జాతి, అంటే ఆర్యులకు ఎదురు నిలిచిన అడవి మనుషులు, ఉండే చోటు కాబట్టి ఆ పేరు పెట్టారని ఆయన ఊహ. మనం హనుమంతుడి పేరు అని పొంగిపోతున్నాం. ఆయన మాత్రం అక్కడి వాళ్లను కోతుల కింద జమకట్టాడు. ఈ తేడా తెలియకుండా పిల్లల పుస్తకంలోకి ఎక్కించేశారు.

వీధరుగు_మాష్టారు
ఈ ముక్క నాకు తెలియదమ్మా. టెంపుల్ అనగానే పెద్ద పండితుడనే అనుకున్నాను, పండితుడే కూడా. ఇందాక ఇచ్చిన అర పాయింట్ ఇప్పుడు ఒకటి చేశాను.

ఉత్తరాంధ్ర_బాబాయ్
తెల్లోడు ఏ ఉద్దేశంతో రాస్తే నాకేంటి? ఆంజనేయస్వామి పేరు పెట్టడం నా వరకు గౌరవమే.

జంగ్లీఘాట్_రాజు
చాలా రోజులకు లాగిన్ అయ్యాను, మా ఊరి మీదే పడ్డారు అందరూ.

నేను పుట్టింది పెరిగింది పోర్ట్ బ్లెయిర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. (వేట అంటే చేపల వేట. సిటీ వాళ్ల కోసం చెబుతున్నా.) జంగ్లీఘాట్‌లో మా వీధి నిండా మనవాళ్లే. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పక్కింటి వాళ్లతో బెంగాలీ. మీరు వాదించుకుంటున్న పేరు మేము రోజూ వాడం. "ఐలాండ్" అంటాం, అవతలి దేశమంతా "మెయిన్‌లాండ్". వైజాగ్ వెళ్తున్నా మెయిన్‌లాండ్ వెళ్తున్నా అనే అంటాం. మా నాయనమ్మ మాత్రం చనిపోయేదాకా "దేశం" అనేది. "దేశం నుంచి ఉత్తరం వచ్చిందా?" అని అడిగేది.

హనుమంతుడి పేరు అని మాకూ స్కూల్లో చెప్పారు. మా క్లాసులో ఒక నికోబారీ కుర్రాడు ఉండేవాడు. టీచర్ని "మరి నికోబార్ ఎవరి పేరు?" అని అడిగాడు. టీచర్ కాసేపు ఆలోచించి "సిలబస్‌లో లేదు" అన్నారు.

చిట్టిగారె
ఆ టీచర్ కొబ్బరాకు గారి పాప స్కూలుకి ట్రాన్స్‌ఫర్ అయ్యారు.

కొబ్బరాకు
😂 నిజమే, ప్రశ్న ఎవరూ అడగలేదు. నికోబార్ ఎలా వచ్చింది?

రాతిపలక
ఎవరైనా అడుగుతారా అని ఎదురు చూస్తున్నా. అండమాన్ పేరు చిక్కుముడి, నికోబార్ పేరు మాత్రం చాలావరకు విడిపోతుంది.

రాజేంద్ర చోళుడు 1025లో ఓడలు వేసుకుని సుమత్రా వైపు ఉన్న శ్రీవిజయ రాజ్యం మీదికి వెళ్లాడు. ఆ గెలిచిన ఊళ్ల జాబితా తంజావూరు పెద్ద గుడి గోడ మీద ఉంది, 1030 ప్రాంతంలో చెక్కింది. అందులో "మా నక్కవారం" అని ఉంది. తోటల్లో తేనె ఊరుతూ ఉండే పెద్ద నక్కవారం అని వర్ణన. పోలో దాన్నే "నెకువెరన్" అన్నాడు. అక్కడి నుంచి నికోబార్ ఎంత దూరం? ఇప్పటికీ మధ్యలో నాన్‌కౌరీ అనే దీవి ఉంది, వినండి ఒకసారి ఆ పేరు.

నక్క అంటే తమిళంలో బట్టల్లేని అని. సంస్కృతం నగ్న నుంచి వచ్చిందే. నగ్నంగా ఉండేవాళ్ల దేశం.

బందరు_బుల్లోడు
నేను నక్కకు దేవుడిచ్చిన వరం అనుకున్నా. నక్క వరం.

చిట్టిగారె
నక్కని తొక్కి వచ్చాడు రాజేంద్ర చోళుడు, అందుకే గెలిచాడు.

ఉత్తరాంధ్ర_బాబాయ్
అయితే "నగ్న" అనేది కూడా ఊహే కదా? హనుమంతుడి దగ్గర మాత్రం ఆధారం కావాలంటారు, ఇక్కడ తమిళ మాట ఒకటి కలిసిందని ఒప్పేసుకుంటారా?

రాతిపలక
న్యాయమైన ప్రశ్న బాబాయ్. తమిళం ఒక్కటే అయితే నేనూ ఒప్పుకోను. తేడా ఎక్కడుందంటే, సంబంధం లేని ఇంకో భాషలో అదే అర్థంతో పేరు ఉంది. చైనా భిక్షువు యిజింగ్ 670ల మొదట్లో కడారం నుంచి ఉత్తరంగా పది రోజులకు పైగా ఓడలో వెళ్లి "నగ్నుల దేశం" చేరానని రాశాడు. చైనా భాషలో సొంత మాటల్లో, తర్జుమాగా. తంజావూరు శాసనానికి మూడున్నర శతాబ్దాల ముందు.

ఆయన రాసింది చదువుతుంటే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఓడ కనబడగానే జనం చిన్న పడవల్లో కొబ్బరికాయలు, అరటిపళ్లు, వెదురు, పేము సామాన్లు వేసుకుని ఎదురొచ్చారట. వాళ్లకు కావాల్సింది ఒక్కటే, ఇనుము. రెండు వేళ్లంత ఇనుప ముక్క ఇస్తే ఐదు నుంచి పది కొబ్బరికాయలు. మగవాళ్లు ఏమీ కట్టుకోరు, ఆడవాళ్లు ఆకులు అడ్డుపెట్టుకుంటారు. వర్తకులు ఆటపట్టించడానికి బట్టలు చూపిస్తే, మాకు అక్కర్లేదని చెయ్యి ఊపారట.

నీలిసిరా
ఆ చెయ్యి ఊపడం చాలా బాగుంది. పేరేమో వాళ్లకు బట్టల్లేవని పెట్టారు. వాళ్లేమో ఆ బట్టలే వద్దన్నారు.

జంగ్లీఘాట్_రాజు
కొబ్బరికాయ మీద ఇప్పటికీ అంతే. కార్ నికోబార్ నుంచి వచ్చే స్నేహితులు ఏం తెచ్చినా తేకపోయినా కొబ్బరికాయలు తెస్తారు. ఇంకో మాట. కార్ నికోబార్ వాళ్లు తమ దీవిని "పు" అంటారు. వాళ్ల మధ్య వాళ్లు మాట్లాడుకునేటప్పుడు నికోబార్ అనే మాట రాదు.

లిపిపిచ్చి
ఒక్క అక్షరం! ఇంత శాసనం, ఇంత చైనా, చివరికి పు.

వీధరుగు_మాష్టారు
851 అరబ్బీ రాతలో లంఖబాలూస్ అన్నారు కదా, అది ఏ దీవి?

రాతిపలక
నికోబారే అని యూల్ కూడా అన్నాడు. లంఖ, నక్క రెండూ ఒక మాట వెంటే నడుస్తున్నాయని ఆయన అనుమానం. హిందీ నంగా గుర్తు చేసుకోండి. అరబ్బీలో మొదటి అక్షరం న కాస్తా ల అయి ఉండొచ్చని. రషీదుద్దీన్ అనే పర్షియా చరిత్రకారుడు 1300 ప్రాంతంలో "లాక్‌వారం" అనే రాశాడు. అది చూస్తే న, ల తారుమారు కావడం నమ్మబుద్ధేస్తుంది.

తాటిచెట్టు_కింద
కొత్త సభ్యుణ్ణి. నా సొంత సిద్ధాంతం ఒకటి, తిట్టకండి. అండమాన్‌లో జరవాలు తమను తాము "ఆంగ్" అంటారు. జరవా అనేది పక్క తెగ వాళ్లు పెట్టిన పేరు, పరాయివాళ్లు అని అర్థం. మార్కో పోలో రాసింది అందమాన్ కాదు, "అంగ"మనైన్. ఆంగ్ నుంచే అంగమన్ వచ్చిందేమో? అప్పుడు హనుమంతుడూ వద్దు గ్రీకూ వద్దు, అక్కడి మనుషుల మాటే పేరు అవుతుంది.

రాతిపలక
తిట్టను, వినడానికి అందంగా ఉంది. కానీ పోలోకి నాలుగు వందల ఏళ్ల ముందున్న అరబ్బీలో ద ఉంది, చైనా వాళ్ల దగ్గర త ఉంది. గ ఉన్నది పోలో ఒక్కడి దగ్గరే. నలుగురు ద అని ఒకడు గ అంటే, ఆ ఒకడు తప్పు విన్నాడనుకోవడం సులువు. పైగా "మన్" ఏంటో చెప్పాలి మీరు.

తాటిచెట్టు_కింద
మన్ అంటే... మనుషులు? 🙈

లిపిపిచ్చి
అది తెలుగు బాబూ. ఇప్పుడు బుల్లోడి జట్టులో చేరిపోయావు.

బందరు_బుల్లోడు
వెల్కమ్ తమ్ముడూ. ఫీజు లేదు.

తాటిచెట్టు_కింద
సరే. చైనా వాళ్ల "మన్" అంటే దక్షిణాది అనాగరికులు అని అర్థమట కదా, మరి పేరు చైనాదే అయితే?

లిపిపిచ్చి
చైనా లిపిలో పరాయి పేరు రాయాలంటే శబ్దానికి దగ్గరగా ఉన్న గుర్తు ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ శబ్దానికి నాలుగైదు గుర్తులుంటే, నరమాంస భక్షకులని విన్న చోటికి "అనాగరికులు" అనే గుర్తు వేశాడు జావ్ రుగువా. శబ్దం అరువు, తిట్టు మాత్రం సొంతం.

ఉత్తరాంధ్ర_బాబాయ్
బంగారు దీవి సంగతి ఎవరూ చెప్పలేదు. కొబ్బరాకు అడిగాడు మొదట్లోనే.

నీలిసిరా
అది నికోలో కొంతి. అందమానియా అంటే బంగారు దీవి అని అర్థం చెప్పాడు. ఏ భాషలోనో చెప్పలేదు. అక్కడ బంగారమూ లేదు. ఆ వెంటనే, గాలివాన కొట్టుకొస్తే తప్ప ఎవరూ అటు పోరు, దొరికితే ముక్కలు చేసి తినేస్తారు అన్నాడు. ఎవరూ వెళ్లని చోట బంగారం ఉందని చెప్పడం తేలిక కదా. అన్నట్టు ఆ నరమాంసం కథకు ఆధారమేమీ లేదని బ్రిటిష్ వాళ్లే తర్వాత రాశారు.

జంగ్లీఘాట్_రాజు
పాత పేర్ల మీదే అందరి కళ్లూ. మా దగ్గర కొత్త పేర్ల కథ కూడా ఉంది. బ్లెయిర్ అంటే ఆర్చిబాల్డ్ బ్లెయిర్, 1788-89లో సర్వే చేసిన నౌకాదళం ఆయన. ఆయన పెట్టిన పేరు పోర్ట్ కార్న్‌వాలిస్. తర్వాత ఆ పేరు ఉత్తరాన ఇంకో రేవుకు తీసుకెళ్లిపోయారు, జ్వరాలతో జనం చనిపోతుంటే 1796లో మూటాముల్లె సర్దేశారు. 1858లో ఖైదీలతో మళ్లీ పాత చోటికే వచ్చారు. అప్పుడు బ్లెయిర్ పేరు. నికోబార్‌కైతే డెన్మార్క్ వాళ్లు 1756లో కొత్త డెన్మార్క్ అని, ఆ ఏడాదిలోనే ఫ్రెడరిక్ దీవులని పేర్లు పెట్టారు. ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

1943 డిసెంబర్‌లో నేతాజీ వచ్చి అండమాన్‌ని షహీద్, నికోబార్‌ని స్వరాజ్ అన్నారు. 2018లో ఆ పేర్లే నీల్‌కి, హేవ్‌లాక్‌కి పెట్టారు. అంటే అండమాన్‌కి పెట్టిన పేరు ఒక చిన్న దీవికి, నికోబార్‌కి పెట్టిన పేరు అండమాన్‌లోనే ఇంకో దీవికి వచ్చాయి. టూరిస్టులకు ఇది చెప్పేసరికి బోటు వెళ్లిపోతుంది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది. మా అమ్మ ఇంకా "బ్లేరు" అనే అంటుంది.

బందరు_బుల్లోడు
రాజేంద్ర చోళుడు వెళ్లి కొట్టింది శ్రీవిజయ రాజ్యాన్ని, ఇప్పుడు ఆ పేరే ఊరికి...

కాపలాదారు
ఇక్కడితో ఆపు. పేర్ల మార్పు మీద రాజకీయాలు మొదలైతే థ్రెడ్‌కి తాళం వేస్తా. పాత పేర్ల మీద ఎంతైనా కొట్టుకోండి.

బందరు_బుల్లోడు
రాజకీయం కాదండీ బాబూ, పదకొండో శతాబ్దం.

వీధరుగు_మాష్టారు
రాజు, మీ నాయనమ్మ "దేశం" అనేదన్నావు. మా ఇంట్లో అటు పక్క మాట ఉండేది. మా తాతగారి నోట అండమాన్ అనే పేరే వినలేదు నేను. "ద్వీపాంతరం పంపారు" అనేవారు. ఊళ్లో ఒకాయన అల్లరి చేస్తే "వీణ్ణి ద్వీపాంతరం పంపాలి" అని తిట్టు. అది ఒక ఊరనీ, దీవి అనీ కాదు, మళ్లీ రాని చోటు. నేను పెద్దయ్యాక మ్యాపులో చూసి ద్వీపాంతరం అంటే ఇదా అనుకున్నాను.

జంగ్లీఘాట్_రాజు
మా తాత టికెట్ కొనుక్కుని మరీ ద్వీపాంతరం వచ్చాడన్నమాట. ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుంటూ. ఇవాళ రాత్రి మా నాన్నకి చెబుతాను ఈ మాట.

కొబ్బరాకు
అందరికీ దండాలు. పాప నోట్సు రాసుకుంది. దాని లెక్క ఇదీ: నికోబార్ దాదాపు తేలింది, అండమాన్ తేలలేదు, హనుమంతుడు "కావచ్చు కానీ హ లేదు". రేపు టీచర్‌కి చూపిస్తుందట. నేను వద్దన్నాను, వినలేదు.

ఉత్తరాంధ్ర_బాబాయ్
"కావచ్చు" అని ఉంచింది కదా, అది చాలు నాకు. తెలివైన పిల్ల.

రాతిపలక
851 మర్చిపోవద్దని చెప్పండి.

కొబ్బరాకు
రెండు రోజుల తర్వాత అప్‌డేట్. టీచర్ నోట్సు మొత్తం చదివి అర మార్కు వేశారు. మాష్టారి పద్ధతిలోనే. వచ్చే వారం క్విజ్ లక్షద్వీప్ మీదట. పాప ఇప్పుడే వచ్చి "నాన్నా, లెక్కపెడితే 36 దీవులే వస్తున్నాయి, లక్ష ఎక్కడున్నాయి?" అని అడుగుతోంది.

బందరు_బుల్లోడు
మిగతావి మహేంద్రగిరి మీంచి ఎగిరేటప్పుడు కింద పడ్డాయి. బాబాయ్‌ని అడగమను.

కాపలాదారు
లక్షద్వీప్‌కి కొత్త థ్రెడ్ తెరవండి.